పాటలో ఆగే చోటు

సినిమా చూసి ఏడవడమంటే నాకు ఒళ్లుమంట. హాస్పిటల్లో వారమంతా చూసే కన్నీళ్లు చాలవన్నట్టు, సెలవు రోజున పని కట్టుకుని కూర్చుని, ఎవరో రాసిపెట్టిన కథకి ముక్కు చీదుకోవడం ఏమిటి? అయినా ఆ శుక్రవారం ఒమాన్ దేశంలోని సూర్‌లో, ఆంటీగారి హాల్లో, చాప మీద కూర్చుని చున్నీ తడిసేదాకా ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆంటీగారి భర్త గ్యాస్ ప్లాంటులో పనిచేస్తారు. మస్కట్‌లో ఉన్నవాళ్లకి చర్చి ఉంది, మైకులున్నాయి, క్రిస్మస్‌కి పట్టుచీరల పోటీ ఉంది. సూర్‌లో మాకు ఆంటీగారి హాలే దిక్కు. శుక్రవారం డ్యూటీ లేని నర్సులం, ప్లాంటు కుటుంబాలు, ఒకరిద్దరు షాపుల్లో పనిచేసేవాళ్లు అక్కడ చేరి ప్రార్థన చేసుకుంటాం. ప్రార్థన కాగానే భోజనం. కోడికూర వాసన ముగింపు ప్రార్థన మొదలవ్వకముందే హాల్లోకి వచ్చేస్తుంది. అందుకే ఆ ప్రార్థన ఎవరికి అప్పగించినా క్లుప్తంగానే చేస్తారు.

ఆంటీగారు మా అందరికీ పాటల పెద్ద. ఆమె చెప్పిందే వరస. మా కీర్తనల సంగతి తెలియనివాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పుస్తకం ఒకటే, మాటలు అవే, వరస మాత్రం ఊరికొకటి. మిషన్ మారితే మారుతుంది, గోదావరి దాటితే మారుతుంది. నాది ఒంగోలు వైపు, మేం సాగదీసి పాడతాం. కాకినాడ వైపు సిస్టర్లు తరుముకొచ్చినట్టు పాడతారు. పాట మొదలయ్యాక ఎవరి దారి వాళ్లది. మూడో చరణానికి గానీ అందరం ఒకచోట కలవం. పాట వినగానే ఇది ఫలానా జిల్లా, ఫలానా మిషన్ అని ఆంటీగారు చెప్పేస్తారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. అందుకే ఆ తర్వాత జరిగినదానికి ఆమెని పూర్తిగా తప్పుపట్టలేను. అప్పట్లో మాత్రం బాగానే తప్పుపట్టాను.

ఇక మా పిల్ల. నాతో ఫ్లాట్ పంచుకునే నర్సు. పాతికేళ్లుంటాయి, పిల్లల వార్డులో పని. నేను పిల్ల అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. గోదావరి జిల్లాలో ఒక అనాథ పిల్లల హోమ్‌లో పెరిగింది. పొత్తిళ్లలో ఉండగా మిషన్ ఆస్పత్రి వరండాలో ఎవరో వదిలి వెళ్తే, అక్కడినుంచి హోమ్‌కి తెచ్చారట. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. 

ఆ పిల్ల గొంతు గురించి ఏం చెప్పను? రాగాలు, తాళాలు నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా, వార్డులో సూది చూసి గుక్కపెట్టిన పిల్లలు ఆమె కూనిరాగం తీస్తే చెయ్యి చాపుతారు. ఒమానీ ముసలమ్మలు మనవల్ని ఒళ్లో పెట్టుకుని, ‘ఆ పాడే సిస్టర్ లేదా?’ అని మమ్మల్ని అడుగుతారు. ఆ పాట ఏ భాషో, ఎవరి గురించో వాళ్లకి తెలియదు, అడగనూ అడగరు. మా ఫ్లాట్‌లో ఆమె గిన్నెలు తోముతూ పాడుతుంటే నేను టీవీ కట్టేస్తాను. నేను టీవీ కట్టేశానంటే అది చిన్న విషయం కాదు.

అయితే నోట్లో నాలుక లేని పిల్ల. ‘వద్దు’ అనదు. ఇంకో ముద్ద పెట్టించుకోమంటే పెట్టించుకుంటుంది, డ్యూటీ మార్చుకోమంటే మార్చుకుంటుంది, పాడమంటే వెంటనే లేచి చేతులు వెనక్కి కట్టుకుని పాడుతుంది. ఆ చేతులు కట్టుకోవడం ఏమిటని ఒకసారి అడిగాను. హోమ్‌కి దాతలు వస్తారట, పిల్లల పుట్టినరోజులకీ పెద్దల వర్ధంతులకీ భోజనాలు పెట్టడానికి. అన్నం ముందు వరసలో నిలబడి పాట పాడాలి. పెట్టిన చేతికి ఎదురు చెప్పకూడదు. అలా అలవాటైపోయిందక్కా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ హోమ్‌లో ఆమె ‘అమ్మా’ అని పిలిచే మనిషి ఒకరున్నారు. వంట చేసే ఆవిడ. మిగతా పిల్లలందరికీ ఆవిడ వంటమ్మ, ఈ పిల్లకి మాత్రం అమ్మ. చంటిపిల్లగా వచ్చినప్పుడు చూసేవాళ్లు లేక వంటగదిలో గోనెపట్టా మీద పడుకోబెట్టుకుని పెంచిందట. ఇప్పుడు మోకాళ్లు అరిగి పని మానేసి, హోమ్ వెనక గదిలో ఉంటోంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఇద్దరికీ వీడియో కాల్. ఈ చలికాలం ఆమెని సూర్ తీసుకురావాలని పిల్ల పట్టుబట్టింది. ఆవిడ చేత పాస్‌పోర్ట్ తీయించింది, విజిట్ వీసా పెట్టింది, టికెట్టు కూడా కొనేసింది. ‘నేను నీకు ఏమవుతానని అడిగితే ఏం చెప్తావే?’ అని ఆవిడ ప్రతిసారీ భయపడేది. ‘వంటమనిషిని విమానమెక్కించి తెచ్చుకుంటారా ఎవరైనా?’ అనేది. పిల్ల నవ్వి ఊరుకునేది.

అలాంటి సమయంలో వచ్చింది ఆ సినిమా.

భోజనాలయ్యాక పిల్లలకీ పెద్దలకీ కలిపి ఏదైనా మంచి సినిమా చూద్దామని ఆంటీగారే పెట్టారు. కొండ ఊళ్లో ఒక అనాథ పిల్లల బడి. అందులో ఒక చిన్నది. రేకు మీద వాన పడితే దానికి వరస కడుతుంది, పాలవాడి సైకిల్ బెల్లుకి పాట కడుతుంది. చివరికి ఒక పెద్ద సభలో పాడుతుంటే జనం మధ్యలోంచి ఒకావిడ లేచి నిలబడుతుంది. ఆ రాగం ఆవిడదే. కడుపుతో ఉన్నప్పుడు పాడుకున్నదట. ఇక తల్లీ కూతుళ్లు పరుగెత్తడం, జనం చప్పట్లు, పైన వాన. కాన్పుల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని. కడుపులో బిడ్డకి తల్లి పాటకంటే తల్లి ఆకలి చప్పుడే ఎక్కువ వినిపిస్తుందని నా నమ్మకం. అయినా ఏడ్చాను. హాలంతా ఏడ్చింది. మా పిల్ల ఒక్కతే ఏడవలేదు, ప్లాంటువాళ్ల చంటిదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొడుతూ చూసింది.

టీవీ ఆగగానే ఆంటీగారు కళ్లు తుడుచుకుని పిల్లవైపు తిరిగారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

“అమ్మాయ్, నువ్వు ఎప్పుడూ పాడతావే, ఆ పాత కీర్తన. ఒక్కసారి పాడవే తల్లీ.”

పిల్ల చంటిదాన్ని నాకిచ్చి, లేచి, చేతులు వెనక్కి కట్టుకుంది. పాడింది.

ఆ కీర్తన అందరికీ వచ్చినదే. పల్లవి రెండో పాదంలో మేమందరం గొంతెత్తుతాం. ఆ పిల్ల మాత్రం అక్కడ ఆగుతుంది. ఊపిరి అందక ఆగడం కాదది. పాట ఒక్క క్షణం పని మీద పక్కకి వెళ్లి వచ్చినట్టుంటుంది. తర్వాత పైనుంచి ఎత్తుకోదు. అడుగునుంచి మెల్లగా పైకొస్తుంది. ఎన్నిసార్లు విన్నా ఆ చోట నాకు ఒళ్లు జల్లుమంటుంది.

“ఇదే! ఈ ఆగడం ఏ మిషన్‌లోనూ లేదమ్మా. నేను కాకినాడ విన్నాను, నర్సాపురం విన్నాను, గుంటూరు విన్నాను. ఎక్కడా లేదు. నీకు ఎవరు నేర్పారు?” అన్నారు ఆంటీగారు.

“తెలీదాంటీ. చిన్నప్పట్నుంచీ నా నోట అలాగే వస్తది. హోమ్‌లో పాటల మాస్టారు తిట్టేవారు కూడా. ఎంత దిద్దినా పోలేదు.”

“పోదు. ఎలా పోతుంది? అది నీ కన్నతల్లిది. ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక ఇంట్లో ఇలాగే పాడతారు. ఆ ఇల్లు దొరికితే నీవాళ్లు దొరికినట్టే!”

హాలంతా ‘ఆమెన్’ అంది. చేతులు ఇంకా వెనక్కి కట్టుకునే నిలబడిన పిల్లని ఆంటీగారు ఇంకోసారి పాడించి, ఫోన్‌లో రికార్డు చేసి, ‘ఈ వరస ఎవరిదో గుర్తుపట్టండి, పొత్తిళ్లలో దొరికిన ఒక అనాథ బిడ్డకి తల్లిని చూపించండి’ అని చివర తన గొంతుతో చేర్చి, తెలుగు కీర్తనలు పాడేవాళ్ల గ్రూపులు ఎన్నుంటే అన్నిటికీ పంపేశారు. మస్కట్, దుబాయ్, కువైట్, రాజమండ్రి, హైదరాబాద్. చంటిదాన్ని వాళ్లమ్మకి అప్పజెప్పి నేను వచ్చేలోపే అయిపోయింది.

“ఆంటీ, ఆ పిల్లని అడిగారా?” అన్నాను.

“మంచి పనికి అడిగేదేముందమ్మా? అదేమైనా కాదందా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

సామెత బాగానే తగిలింది. కందకి దురద ఉందో లేదో ఆ కంద నోరు విప్పితే కదా తెలిసేది.

సముద్రం పక్క కార్నిష్ రోడ్డు మీదుగా ఇంటికి నడుస్తుంటే పిల్ల పడవల దగ్గర వలలు బాగుచేసుకునేవాళ్లని చూస్తూ ఆగిపోయింది.

“నీకు కావాలా? నీవాళ్లు దొరకడం?” అని అడిగాను.

వలలవైపు చూస్తూనే చెప్పింది. “చిన్నప్పుడు కావాలనిపించేది అక్కా. ఇప్పుడు భయం. ఎవరైనా వచ్చారనుకో, అమ్మ ఏం చేస్తదో నాకు తెలుసు. సంతోషపడి పక్కకి జరిగిపోతది. ‘నీవాళ్లు వచ్చారుగా’ అంటది. నన్ను వాళ్లకిచ్చేసి, దండం పెట్టి వెళ్లిపోతది. నేను రమ్మన్నా రాదు.”

“అయితే ఆంటీకి వద్దని చెప్పు.”

“ఎలా చెప్పను? అంత ప్రేమగా చేస్తుంటే?”

నాకు చెంప పగలగొట్టాలనిపించింది, ఆ పిల్లదో ఆంటీగారిదో తెలియలేదు. ఇంటికొచ్చి ఉల్లిపాయలు కోస్తూ ఇద్దరి కోపమూ వాటి మీద తీర్చుకున్నాను.

మరుసటి వారమంతా ఆ పాట ఊళ్లు తిరిగింది. ‘దేవుడు కలుపుగాక’ అనే మెసేజ్‌లు, దండాల బొమ్మలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి గానీ పనికొచ్చే మాట ఒక్కటీ రాలేదు. నేను లోలోపల సంతోషించాను. అంతలో కువైట్‌నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆంటీగారు దాన్ని పట్టుకుని ఏకంగా మా ఫ్లాట్‌కే వచ్చేశారు, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా.

ఎవరో ఆడమనిషి గొంతు. రొప్పుతూ, గుసగుసగా మాట్లాడుతోంది. “ఆ పాడిన పిల్ల మా పిల్లేనండి. ఎడమ మోచేతి కింద కాలిన మచ్చుంటది చూడండి. నేను మళ్లీ చేస్తానండి, మేడం పిలుస్తుంది.” అంతే.

పిల్ల కూర్చున్నచోటే కూర్చుంది. ఎడమ చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. ఆ మచ్చ నేను ఎరుగుదును, అరచేతంత ఉంటుంది. అందుకే ఎప్పుడూ పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటుంది.

“చూశారా! మచ్చలు కన్నతల్లికి కాక ఎవరికి తెలుస్తాయి?” అన్నారు ఆంటీగారు. సంతోషంతో కళ్లు మెరిసిపోతున్నాయి. “తల్లీ, నీకు అమ్మ దొరికింది!”

పిల్ల ముఖంలో రక్తం లేదు. ఐసీయూలో ఎన్నో ముఖాలు చూశాను. భయం ఎలా ఉంటుందో నాకు కొత్త కాదు. గ్లాసుతో నీళ్లిచ్చాను. ముట్టుకోలేదు. “టికెట్టు,” అంది మెల్లగా. ఆంటీగారికి అర్థం కాలేదు గానీ నాకు అర్థమైంది.

ఆ కోపంలోనే నాకు బుర్ర పనిచేసింది. నాకు మామూలుగా కోపం వస్తే బుర్ర పనిచేయడం మానేస్తుంది, ఆ రోజు తిరగబడింది.

“ఆంటీ, ఒక్క నిమిషం. పుట్టుమచ్చ అయితే కన్నతల్లికి తెలుస్తుంది. ఇది కాలిన మచ్చ. కాలినప్పుడు పక్కనున్నవాళ్లకి కదా తెలిసేది?” అన్నాను. పిల్లవైపు తిరిగి, “ఇది నీకెప్పుడు కాలింది?” అని అడిగాను.

“నాకు గుర్తులేదక్కా. పాకే వయసంట. వంటగదిలో.”

“ఏ వంటగదిలో?”

పిల్ల నా ముఖంలోకి చూసింది. “హోమ్‌లోనే,” అంది. “నేను హోమ్‌కి పొత్తిళ్లలోనే వచ్చాను కదా.”

ఆంటీగారు ఫోన్ కిందికి దించారు. అప్పటిదాకా ఆమె ముఖంలో ఉన్న వెలుగు తగ్గుతుంటే నాకు జాలేసింది, నిజం చెప్పొద్దూ. కానీ జాలిపడే తీరిక లేదు. ఆ నంబరుకి నేనే కాల్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఆవిడ అక్కడ ఒక ఇంట్లో పనిచేస్తుందనీ, మేడం నిద్రపోయేదాకా తీరిక ఉండదనీ తర్వాత తెలిసింది. ఎదురుచూస్తూ ముగ్గురం మూడుసార్లు టీ తాగాం. మూడోసారి నేను పంచదార వేయడం మర్చిపోయాను, ఎవరూ గమనించలేదు.

మధ్యాహ్నం ఆవిడే చేసింది. ఎక్కడో మెట్ల కింద కూర్చున్నట్టుంది, గొంతు మోగుతోంది.

“నేను ఆ హోమ్‌లోనే పెరిగానండి. పెద్దపిల్లలకి తెల్లారగట్ల వంటగది డ్యూటీ ఉండేదండి. ఆ పిల్లని చంకనేసుకునేదాన్ని నేనే. ఒకరోజు కింద దింపి కట్టెలు ఎగదోస్తున్నా, పాక్కుంటూ వచ్చి జావ గుండిగ పట్టేసుకుంది. ఎత్తుకుని నూతి దగ్గరికి పరిగెత్తా. వంటమ్మ నన్ను ఒక్కమాటనలేదండి. నన్నూ ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్లూ ఆ చెయ్యి మానిందో లేదో అని... మానిందాండీ?”

“మానింది. చెయ్యి బాగా ఆడుతుంది. ఆ చేత్తోనే పిల్లలకి సూదులు వేస్తోంది,” అన్నాను.

అవతలనుంచి పెద్ద ఊపిరి వినిపించింది. “హమ్మయ్య,” అంది.

ఆంటీగారు ఉండబట్టలేక ఫోన్ దగ్గరికి వంగారు. “మరి ఆ పాటమ్మా? ఆ ఆగడం? అది ఎక్కడిది?”

ఆవిడ నవ్వింది. “అది వంటమ్మదండి. అప్పట్లో కట్టెల పొయ్యి, ఇంత లావు గుండిగ. గోధుమరవ్వ జావ. పాడుతూ కలిపేది. ఆ పాదం దగ్గరికొచ్చేసరికి తెడ్డు అడుగుదాకా దించి గీకాలి, లేకపోతే అడుగంటేస్తది. గీకేటప్పుడు ఊపిరి బిగబడతారు కదండీ, పాట ఆగిపోయేది. తెడ్డు పైకి తెస్తూ మళ్లీ కిందనుంచి ఎత్తుకునేది. మేం డ్యూటీ పిల్లలందరం అలాగే నేర్చేసుకున్నాం. తర్వాత గ్యాసు పొయ్యిలొచ్చినయ్, ఇడ్లీలొచ్చినయ్, ఆ గుండిగా పోయింది. ఆ పిల్లకి తెలీదేమో, గోనెపట్టా మీద పడుకుని వినేది.”

ఆంటీగారు సోఫాలో వెనక్కి వాలారు. కాకినాడ, నర్సాపురం, గుంటూరు అన్నీ గాలించినావిడకి పాట పుట్టిల్లు ఒక జావ గుండిగ దగ్గర తేలింది. నేను పడీ పడీ నవ్వాను. ఆమె ముందు నావైపు గుర్రుగా చూశారు, తర్వాత ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టారు. పిల్ల నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. సినిమాకి ఏడవనిది, అప్పుడు ఏడ్చింది.

కువైట్ ఆవిడ నోరు విప్పాక మిగతావాళ్లూ బయటపడ్డారు. బహ్రెయిన్‌లో ఒక ఆయా, హైదరాబాద్‌లో ఒక టీచరు, భీమవరంలో ఒక పాస్టరుగారి భార్య. అందరూ ఆ కీర్తన ఆ చోట ఆపి పాడేవాళ్లే, అందరినీ ఎవరో ఒకరు దిద్దబోయినవాళ్లే. దుబాయ్ నుంచి ఒకాయన, ‘మా ఆవిడ కూడా ఇలాగే ఆగుతుంది, ఆగినా సరే ఉప్మా అడుగంటుతుంది’ అని పెట్టాడు. అమ్మ దొరుకుతుందని ఆంటీగారు వల వేస్తే అక్కచెల్లెళ్లు పడ్డారు. పిల్ల ఆ గొంతులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని వింటూ కూర్చుంది. నేను ఊపిరి పీల్చుకుని పప్పు పెట్టడానికి లేచాను.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. శుక్రవారం సాయంత్రం పిల్ల మామూలుగా అమ్మకి వీడియో కాల్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఆవిడ శుక్రవారం సాయంత్రం ఫోన్ ఎత్తకపోవడమనేది అంతవరకూ ఎరగం. చివరికి హోమ్ వార్డెన్‌కి చేస్తే ఆమె ఫోన్ తీసుకెళ్లి ఇచ్చింది. తెల్లచీర, వెనక్కి దువ్విన జుట్టు, ముఖమంతా నవ్వు. అంత నవ్వు చూసి నాకే అనుమానం వచ్చింది.

“నీవాళ్లు దొరికారంట కదే బంగారం! వార్డెన్ అమ్మగారు చెప్పారు. కువైట్‌నుంచి మీ అమ్మ మాట్లాడిందంట. దేవుడు మేలు చేశాడు. నేను మూడు పూటలా ఉపవాస ప్రార్థన చేశాను నీ కోసం.” నవ్వు ఎక్కడా చెదరలేదు. “ఇంక నేనెందుకులే అక్కడికి? ఆ టికెట్టు మీ అమ్మకి మార్చుకో. నేను సంచీ సర్దుకున్నది తీసేశాను కూడా. మోకాళ్లు నొప్పి, విమానం ఎక్కలేను.”

మొదటి మెసేజ్ వరకే హోమ్‌కి చేరింది. తర్వాతి సంగతి చేరలేదు. ఆంటీగారి గ్రూపులో మంచివార్త గుర్రమెక్కి పోతుంది, సవరణ నడిచి వెళ్తుంది.

నేను చెప్పబోయాను, ‘అమ్మగారూ, అది అలా కాదు’ అని. పిల్ల చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆమె అలా ఎవరినైనా ఆపడం నేను చూడలేదు.

“వద్దు,” అంది.

అవతల ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“వద్దమ్మా! నువ్వు పక్కకి జరగొద్దు. ఆవిడ మా అమ్మ కాదు, మన హోమ్ అక్క. నావాళ్లెవరూ దొరకలేదు.” గొంతు పెరిగింది. వంటగది గోడ అవతల మా పక్కింటి మలయాళీ సిస్టర్‌కి కూడా వినపడి ఉంటుంది. “దొరికినా నువ్వే రావాలి! రేపు నిజంగా ఎవరైనా దొరికినా నువ్వే రావాలి! సంచీ మళ్లీ సర్దు. ఇప్పుడే సర్దు. నాకు చూపించు.”

ఆ పిల్ల ఆమెకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆవిడ కొంగుతో ముఖం అద్దుకుని, “అరవకే, పిల్లలు చదువుకుంటున్నారు,” అంది. ఫోన్ మంచం మీద నిలబెట్టి, కింద కూర్చుని, చీరలు ఒక్కొక్కటే మడతపెట్టి మళ్లీ సంచీలో పెట్టింది. పిల్ల చివరిదాకా చూస్తూనే ఉంది. రెండు చీరలయ్యాక ఆవిడ తలెత్తి, “అక్కడ చలి ఉంటదా? దుప్పటి తెచ్చుకోనా?” అని అడిగింది. పిల్ల తెచ్చుకోమంది. మా దగ్గర దుప్పట్లకి కొదవేం లేదు. అయినా తెచ్చుకోమంది.

మస్కట్ ఎయిర్‌పోర్టుకి ఆంటీగారు వాళ్లాయన్ని కారిచ్చి పంపారు, తనూ బయల్దేరారు. దారంతా పశ్చాత్తాపం ఏమీ పడలేదు. వంటమ్మగారు జావలో బెల్లం వేసేవారా ఉప్పు వేసేవారా అని పిల్లని విసిగించారు. దుప్పటి మూట చంకలో పెట్టుకుని, ఆవిడ ఎయిర్‌పోర్టు తలుపుల్లోంచి బయటికొచ్చి, జనాన్ని చూసి బెదిరి నిలబడిపోయింది. ఈ పిల్ల పరుగెత్తింది. సినిమాల్లోలా కాదు, మధ్యలో ఎవరి ట్రాలీనో తగిలి మోకాలు కొట్టుకుంది. ఆవిడ మూట కింద పడేసి, ముందు ఆ మోకాలు పట్టుకుని చూసింది.

తర్వాతి శుక్రవారం ఆంటీగారి హాల్లో ఆవిడ మాతో చాప మీద కూర్చుంది. మా గుంపులో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు పాటల తర్వాత లేచి తమ పరిచయం తాము చెప్పుకోవాలి. ఎవరి తరఫునా ఇంకొకరు చెప్పకూడదు. ఆ ఘడియ దగ్గరపడేకొద్దీ ఆవిడ చేతులు నలుపుకుంటోంది. నా చెవిలో అడిగింది, “ఏం చెప్పాలమ్మా? వంటమనిషినంటే బాగుంటదా? ఈ పిల్లకి నామోషీ అవుద్దేమో?” నేను పిల్లవైపు చూశాను. అది కూడా ఆవిడనే చూస్తోంది. పెదవి కొరుక్కుంటోంది. ఇంతా చేసి ఆవిడ లేచి ‘హోమ్‌లో వంట చేసేదాన్ని’ అని మాత్రం చెప్పి కూర్చుంటే? దానికి ఎవరూ ఏమీ చేయలేరు. అది ఆవిడ నోటినుంచి రావలసిన మాట.

ఆంటీగారు పిలిచారు. ఆవిడ మోకాళ్ల మీద చేతులానించి మెల్లగా లేచింది. కొంగు సర్దుకుంది.

“అందరికీ వందనాలండి. నేను హోమ్‌లో వంట చేసేదాన్నండి,” అంది. అంతే, ఇక కూర్చోవడానికి వంగింది. సగం వంగి ఆగిపోయింది. మళ్లీ నిటారుగా నిలబడింది.

“ఈ పిల్ల తల్లినండి,” అంది.

ఆంటీగారు గట్టిగా ‘హల్లెలూయ’ అన్నారు, అందరూ అన్నారు. ఆవిడ కూర్చుంది. పిల్ల ఆవిడ భుజం మీద తల పెట్టి, బైబిలు వాక్యం చదువుతున్నంతసేపూ అలాగే ఉండిపోయింది.